పంతొమ్మిది పేర్లు

నాకు పరుగు రాదు.
యాభై ఏడేళ్లొచ్చేదాకా ఈ బ్లైత్ ఊళ్లో
బస్సు వెనక తప్ప దేని వెనకా పరిగెత్తలేదు.
బడి వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీసే చేతులు నావి,
కాళ్ల సంగతి ఎవరడిగారు?

ఆ రాత్రి మా తమ్ముడు డెస్మండ్
రేవు పక్కన కారాపుకుని కూర్చున్నాడు.
ఎందుకని అడక్కండి.
మేమూ అడగలేదు, అదే మా తప్పు.
ఓడలకు వెల్డింగు చేసినవాడు, పావురాలు పెంచేవాడు,
బాధ కలిగితే టీలో ఇంకో చెంచా చక్కెర వేసుకునే ఇంట్లో పుట్టినవాడు.
ఎప్పుడో ఎవరో చేతిలో పెట్టిన కార్డు మీద
ఒక నంబరుంది. చేశాడు.

అవతలి గొంతు ధైర్యం గియిర్యం చెప్పలేదట.
"పావురాలు ఎన్ని?" అందట.
పంతొమ్మిది.
"పేర్లు చెప్పండి. తొందరేం లేదు."

సార్జెంటు. ఆవపిండి. వితంతువు.
మూడో తరగతి టికెట్టు.
ఒక్కోదాని వెనకా ఒక కథ అడిగిందట:
ఇది ఎంత దూరం నుంచి తిరిగొచ్చింది,
అది ఎవరితో పోట్లాడుతుంది,
డేగ తన్నిన రెక్క ఎన్నాళ్లకు మానింది.
పంతొమ్మిదో పేరు దగ్గరికొచ్చేసరికి
సముద్రంలో గాలిమరల వెనక తెల్లారింది.
మేత వేళయిందని
కారు తిప్పుకుని వచ్చేశాడు.

ఇదంతా నాకు ఎనిమిది నెలలకు తెలిసింది.
చేపముక్కల మీదికి వెనిగర్ సీసా అందిస్తూ చెప్పాడు,
నా మొహం చూడకుండా.

ఆ గొంతు ఎవరిదో చెప్పరు వాళ్లు. అది వాళ్ల పద్ధతి.
దండం పెడదామంటే గుమ్మం లేని ఇల్లు.
అందుకని మారథాన్‌కి పేరిచ్చాను.

వంటింట్లో కస్టర్డు డబ్బా కడిగి మూతకు చీలిక పెట్టాం.
రెండో తరగతి పిల్ల ఒకతి
ఊడిన పంటికి దిండు కింద దొరికిన నాణెం వేసింది.
హెడ్మాస్టరు ఇరవై పౌన్ల నోటు నాలుగు మడతలు పెట్టి
"మా నాన్న పేరు మీద" అని గబగబా వెళ్లిపోయాడు.
ఎన్ని ఇళ్ల కార్లు ఆ రేవు పక్కన ఆగి ఉన్నాయో
డబ్బా మోగితేగానీ నాకు తెలియలేదు.

చలికాలమంతా కరకట్ట మీద సాధన.
ఈదురుగాలి ఎదురొచ్చి ఇంటికి పొమ్మంది.
రెండు కాలిగోళ్లు నల్లబడి సెలవు పుచ్చుకున్నాయి.

పోటీ రోజు, మైలుకో పావురం.
మొదటి మైలు సార్జెంటు, ఛాతీ విరుచుకుని.
ఆరోది వితంతువు, మెల్లగా, ఎవరికీ దారివ్వకుండా.
పన్నెండులో అరటిపండు వేషం వేసుకున్నవాడు
సారీ చెప్పి మరీ నన్ను దాటిపోయాడు.
పదహారులో నడిచాను. నడిచాననే చెబుతున్నాను.
పంతొమ్మిదోది "మళ్లీ వాన",
పేరుకు తగ్గట్టే పడింది.

పేర్లయిపోయాయి.
ఇంకా ఏడు మైళ్లు, పైన చిటికెడు.

తర్వాతిది? అన్నాను.
దీపస్తంభం.
తర్వాతిది?
ఎర్ర తలుపు. మూతలేని చెత్తబుట్ట.
తర్వాత?
మడతకుర్చీలో గొడుగు కింద
నారింజ తొనలు పట్టుకుని ఇంకా లేవని ముసలాయన.
తొందరేం లేదు.
మోకాలు. మోకాలు. మోకాలు.

ముగింపు గీత దగ్గర
గడియారం విప్పి వ్యానెక్కించేశారు.
డెస్మండ్ ఒక్కడే ఉన్నాడు,
చంకలో మా నాన్న పావురాల గడియారం,
చెక్కపెట్టె, ఇత్తడి మీట.
పోటీనుంచి తిరిగొచ్చిన పక్షి కాలి ఉంగరం
అందులో వేసి మీట నొక్కాలి,
అప్పుడే అది ఇల్లు చేరినట్టు లెక్క.

"కాలు చాపు" అన్నాడు.
వంగి, తడిసిన బూటు లేసులోంచి చిప్పు విప్పుతుంటే
వాడి నడినెత్తి కనిపించింది,
జుట్టు ఎప్పుడు పలచబడిందో.

టక్కుమంది.
"ఆరు గంటల పన్నెండు నిమిషాలు" చదివాడు.
"ఎదురుగాలి కదా, సార్జెంటయినా అంతే."
అని తన కోటు నా మీద వేసి,
"పద, మేత వేళయింది."