మినీబస్సు కిటికీ

మా కొండమీద చలి దొంగలాంటిది.
అందుకే ఇళ్లు గుండ్రంగా కడతాం,
నక్కడానికి దానికో మూల దొరక్కుండా.
సెయాబాటా ఇంటికి ఒకటే కిటికీ, అరచేయంత.
గని నుంచి తిరిగొచ్చిన ఏడు
దాన్నీ పేడమట్టితో మెత్తేశాడు.

పొరుగుదేశంలో, నేలకింద రెండు మైళ్ల లోతున
ఇరవైరెండేళ్లు బంగారం తవ్వినవాడు.
ఇంటికి తెచ్చుకున్నది
రెండు దుప్పట్లు, ఒక రేడియో,
దగ్గు.

ఆయన తాగిన గిన్నె మేం వేరుగా పెట్టేవాళ్లం.
దాచడమెందుకు, మొదట పెట్టింది నేనే.
క్షయ గిన్నెలో ఉండదు, మూసిన గాలిలో ఉంటుందని
మామోసా చెప్పేదాకా.

ఆమె ప్రతి మంగళవారం గుర్రంమీద వచ్చేది,
జీను సంచిలో కళ్లె డబ్బాలు.
ఏరు పొంగితే సంచి నెత్తికెత్తుకుని
గుర్రాన్ని తిడుతూ దాటేది.
"మాత్రలు ఆయన మింగుతున్నాడు సరే,
ఆ గాలి పులెంగ్ మింగుతోంది" అంది నాతో.
పక్కింటిదాన్ని, నాకేం సంబంధం అనబోయాను.
అప్పటికే నా చేతిలో
ఆ నాలుగేళ్ల మనవరాలి ముక్కు తుడిచిన గుడ్డ ఉంది.

జూన్‌లో, మంచు పడని ఒక శనివారం
వాగులో మూడేళ్లుగా తుప్పుపట్టిన మినీబస్సు నుంచి
తెబోహో కిటికీ ఊడదీసి వీపున మోసుకొచ్చాడు.
రమొలిఫే ఉలి తెచ్చాడు.
సెయాబాటా గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు:
"కన్నం మీరు పెడతారు.
రాత్రికి మంట ఎవరిస్తారు?"

ఎవరూ మాట్లాడలేదు.
మాట ఖర్చు అప్పుడే తెలుస్తుంది.
చివరికి, ఇంటికో తట్ట పిడకలు.
రెండిళ్లవాళ్లు తేలేదు. అడగలేదు.

మొదటి దెబ్బ పడబోతుంటే
ముసలాయన చెయ్యెత్తాడు.
"ముందు రాతిమీద నీళ్లు చల్లండి.
దుమ్ము లేవకూడదు.
మాకు ఎవరూ చల్లలేదు."

నా బిందె నేనే వంచాను.

ఇప్పుడా ఇల్లు ఎటో బయల్దేరినట్టుంటుంది.
అద్దంమీద సగం చిరిగిన అక్షరాలు:
'చిల్లర ఇవ్వవలెను.'
పొద్దున్నే పులెంగ్ కిటికీ దగ్గర కండక్టరు.
"ఎక్కడికి?"
"నవంబరుకి," అంటాడు తాత.
కోర్సు అయ్యేది అప్పుడే.
"టికెట్టు?"
మాత్ర మింగి, నోరు తెరిచి
నాలుక ఎత్తి చూపిస్తాడు.
తర్వాత తన మాత్ర తను మింగి
అదీ చూపిస్తుంది, వంకర మొహంతో.

చలి వస్తూనే ఉంది ఆ కిటికీలోంచి.
రేపు ఇంకో తట్ట పంపాలి.