గంటలోపు

పది కిలోమీటర్లు, గంటలోపు.
ఎడమచేతి వెనక పెన్నుతో రాసుకున్నాను.
వాన మొదలవకముందే
సగం అంకెలు చెమటకి కరిగాయి.
పోయినేడు అరవై ఒకటీ నలభై.
ఎవరడిగినా ఆ నలభై కూడా కలిపే చెప్పేదాన్ని.

ఈ రోడ్డు నాకు కొత్త కాదు.
పంతొమ్మిదేళ్ళుగా స్కార్విక్ నుంచి రేవు మీదుగా
డెబ్బై ఏడో నంబరు బస్సు నాదే.
చర్చి మలుపులో రెండో గేరు,
గొర్రెల గేటు రాగానే బ్రేకు మీద కాలు.
అద్దం వెనక కూర్చుంటే ఇది ఒక చిన్న వాలు.
ఇవాళ మాత్రం
రాత్రికి రాత్రి ఎవరో కొండని తెచ్చి పడేశారు.

"నీ బస్సే నాలుగు నిమిషాలు లేటు,
నువ్వు గంటలో వస్తావా?" అంది స్వాన్సన్ ముసలమ్మ,
పడవ ఆకారం డబ్బాలో ఐదు పౌండ్లు కుక్కుతూ.
లైఫ్‌బోటుకి కొత్త ఇంజను కావాలి. అందుకే ఈ పరుగు.
అందుకే అని అందరం అంటాం.
నిజం చెప్పొద్దూ, నాకు ఇంజను కంటే
ఆ ఒక్క నిమిషం నలభై సెకన్లే ముఖ్యం.

ముందు టోర్క్విల్ వీపు.
వడ్రంగి. గడియారం మింగినవాడిలా పరిగెత్తుతాడు.
"నా వెనకే ఉండు ఇష్బెల్, మాట్లాడకు."
మాట్లాడలేదు.
అతని చొక్కా మీద చెమట
దేశపటంలా పెరుగుతుంటే
దాని సరిహద్దులు చూస్తూ వెళ్ళాను.

ఆరో కిలోమీటరు, ముప్పై ఐదూ నలభై.
ఇరవై సెకన్లు మిగిలాయి.
పిడికిట్లో చిల్లరలా బిగించి పట్టుకున్నాను.

అప్పుడు మోగింది,
టోర్క్విల్ నడుం దగ్గర పేజరు.
మాకు ముందున్న పచ్చచొక్కా అమ్మాయిది కూడా.
బల్ల దగ్గర నీళ్ళందిస్తున్న పోస్టుమాన్ గన్‌ది కూడా.
అతను వదిలేసిన కప్పు నా చేతికందలేదు.
ముగ్గురూ రాతిగోడ దూకి
పొలానికి అడ్డం పడి రేవుకి దిగారు.
టోర్క్విల్ ఇందాకటి దాకా నా కోసం
ఎంత మెల్లగా పరిగెత్తాడో
అప్పుడు తెలిసింది.

రోడ్డు మీద నేను, గాలి, గొర్రెలు.
ఆగితే ఎవరికేం ఒరుగుతుంది?
పరిగెత్తితే మాత్రం ఎవరికేం ఒరుగుతుంది?
కాళ్ళు నన్నడగలేదు.

ఎనిమిది దాటాక సముద్రం కనబడింది.
నారింజ చుక్క ఒకటి తెల్లటి అలల్లో
ముక్కు ఎత్తి, ముంచి, మళ్ళీ ఎత్తి.
పాత ఇంజను.
దాని దగ్గు ఇంత దూరం వినబడింది.
ఇందాక నేననుకున్న మాట
గొంతులో చేపముల్లులా అడ్డం తిరిగింది.

ముగింపు గీత దగ్గర జనం ఉన్నారు,
అందరి వీపులూ నా వైపే.
బ్యాగ్‌పైపు కుర్రాడు సంచి నిండా గాలి నింపి
ఊదడం మరిచిపోయాడు.
ఎర్ర అంకెలు వాటి మానాన అవి మారుతున్నాయి.
యాభై తొమ్మిదీ యాభై రెండు.
ఎవరూ చూడలేదు.

వెళ్ళి స్వాన్సన్ ముసలమ్మ పక్కన నిలబడ్డాను.
చెయ్యి పట్టుకుంది, కళ్ళు నీళ్ళ మీదే.
"ఎంతసేపైంది?"
చెప్పబోయాను.
"పడవ వెళ్ళి," అంది.

చేతి గడియారం ఆపనే లేదు, తిరుగుతూనే ఉంది.
పన్నెండు నిమిషాలు, అన్నాను.
అడిగినప్పుడల్లా చెప్పాను.
పంతొమ్మిది. నలభై.
తర్వాత ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.
ఎవరో టీ తెచ్చారు, వానలో చల్లారిపోయింది.

దుప్పట్లలో ఇద్దరు కుర్రాళ్ళని దించి
టోర్క్విల్ రేవు మెట్లెక్కాడు.
లైఫ్‌జాకెట్ కింద నంబరు కాగితం,
ఒక్క పిన్నుకి వేలాడుతూ.
ముగింపు చాప ఇంకా ఎవరూ చుట్టలేదు.
టీ కోసం అడ్డంగా నడిచొస్తూ దాని మీద అడుగేశాడు.
చాప కీచుమంది.
మూడు గంటల పదహారు.

"నా బస్సే నయం," అన్నాను.
ముసలమ్మ అప్పుడు నా చెయ్యి వదిలింది.