నోటి ధర

మా గురువు ఎంకటనర్సు
చెప్పులిడిసి చెల్కల నాలుగడుగులేసి
పిడికెడు దుబ్బ తీసి వాసన జూసి
“ఐదున్నర” అనేటోడు. అంతే.
ఐదున్నర ఎందుకు, ఆరు ఎందుకు కాదని
జడ్చర్ల చౌరస్తల అడిగినోడు లేడు.

నేను గూడ అట్లనే నేర్సుకున్న.
సంతల ఎడ్ల బేరం లెక్క
తువ్వాల కింద వేళ్లు పట్టి
ఎన్ని ఎకరాలు చేతులు మార్చిన్నో.

కుర్మయ్యకు చెప్పింది నోటి ధరనే.
రాజాపూర్ దిక్కు మూడెకరాల పన్నెండు గుంటలు,
ఎర్ర చెల్క, ఎండిన బోరు, ఒక పక్క వంకర గెట్టు.
“ఎకరం ఆరు లక్షలు. అంతకు మించి కండ్ల జూడవు” అన్న.
నమ్మిండు.
నా అంగి తెల్లగుండె, అందుకని.

నూటికి ఒకటి నాకు:
పందొమ్మిది వేల ఎనిమిది వందలు.
పాత బండొకటి కొన్న.
దాని మీద పోతుంటేనే తెలిసింది, రెండు నెలలకు,
గెట్టు పక్కది పద్నాలుగుకు పోయిందని.
కుర్మయ్య తోవల ఎదురొచ్చిండు ఆ దినం.
బండి ఆగలేదు.
నేనే ఆపలేదు.

నలభై రెండేండ్లకు మళ్ల బడికి పోయిన.
ఆదివారాలు, తెల్లారగట్ల బస్సు,
హైదరాబాదుల మూడో అంతస్తు మీద ఇరుకు గది.
నా బిడ్డ ఈడు మేడం
నేను రాసిన ప్రతి అంకె పక్కన
ఎర్రపెన్నుతోని ఒకటే మాట పెట్టేది:
ఎట్ల తెలుసు?

దగ్గరి అమ్మకాలు మూడు తేవాలె,
తారీఖు జూడాలె, తోవ జూడాలె,
నీళ్లుంటే ఎంత, లేకుంటే ఎంత,
పెంచినా తగ్గించినా ఎందుకో రాయాలె.
రెండుసార్లు తప్పిన.
మూడోసారి చిత్తుకాయితం మీద
కుర్మయ్య సర్వే నంబరు ఏసుకొని లెక్క చేసిన.
అది ఎవలకూ చూపియ్యలే.

సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టిస్తె మూడు వందల యాభై.
తోటి బ్రోకర్లు నవ్విండ్రు:
“అంజిలప్పా, కాయితం జూసి భూమి ధర పెరుగుతదా?”
పెరగది. ఒక్కోపారి తగ్గుతది.
తగ్గుతదని చెప్పినందుకు
మొదటి ఏడు సగం బేరాలు నా గుమ్మం దాటి పోయినయి.
పోయినోళ్లల్ల ఇద్దరు తిరిగొచ్చిండ్రు.
ఇద్దరే.

పోయిన సోమారం కుర్మయ్య వచ్చిండు.
తన చెల్కల లేసిన వెంచరుకు ఇప్పుడు తనే కావలి,
మెడల విజిలు, కాకి అంగి.
“నువ్వు ధరల సదువు సదివినవంట.
నా భూమిది రాసియ్యి.”
“ఇప్పుడు అక్కడ గజాల లెక్క, కుర్మయ్యా—”
“ఇప్పటిది కాదు.
ఆ దినంది.”

వారం పట్టింది.
రిజిస్ట్రేషన్ల రాసింది వేరు, చేతులు మారింది వేరు;
అమ్మినోళ్ల ఇండ్లకు పోయి
పాసుబుక్కుల జిరాక్సులు అడుక్కొచ్చిన.
పక్కది పద్నాలుగు.
వంకర గెట్టుకు అర తగ్గించిన,
ఎండిన బోరుకు ఇంకో అర.
ఎక్కువ రాస్తే నా మనసు తేలికైతుండె.
రాయలే.

నిన్న మళ్ల వచ్చిండు.
ఫ్యాను ఆపిన, కాయితాలు లేస్తున్నయని.
ఎకరం పదమూడు. పదమూడుల ఆరు పోతే ఏడు.
ఏడు లెక్కన మూడెకరాల పన్నెండు గుంటలకు
ఇరవై మూడు లక్షల పది వేలు.

కుర్మయ్య ఆ అంకె మీద వేలు పెట్టి
“ఎట్ల తెలుసు?” అన్నడు.

ముప్పావుగంట చెప్పిన.
ఒక్కొక్క కాయితం, ఒక్కొక్క తారీఖు.
మధ్యల రెండుసార్లు ఆపి మళ్ల అడిగిండు.
సంతకం పెట్టిన, నా నంబరు రాసిన, స్టాంపు గుద్దిన.
“ఫీజెంత?” అని జేబుల చెయ్యి పెట్టిండు.

నాకు నోరు రాలే.

సిరా ఇంక పచ్చిగనే ఉంది.
విజిలు ఊదే నోటితోని
కాయితం ఎత్తి పట్టి మెల్లగ ఊదుతున్నడు.