ఖాళీ బండి తూకం

బంగారుపాళ్యం రోడ్డు. తోతాపురి కాలం.
రాత్రి రెండు దాటింది. నా వేబ్రిడ్జి ముందర
పద్నాలుగు లారీలు. గుజ్జు ఫ్యాక్టరీ గేటు తెరిచేదాకా
మాగిన కాయల వాసన ఇంజన్ల మీద కూర్చోనుండాది.

డ్రైవరు ఖాజా కూతురు షాహిదా
తిరుపతిలో పరిశోధన చేస్తాండాది,
నాయన బండిలో ఊరికి పోతా క్యూలో చిక్కుకోని
నా బల్ల మీద కూర్చొని అడిగింది:
"మామా, చీటీలో లేని బరువు చూసినావా ఎప్పుడన్నా?"

చూడకేమి. తడిసిన టార్పాలిన్, చక్రాలకంటిన బురద,
సీటు దిగని డ్రైవరు.
ముప్పై ఏండ్లుగా నేను తీసేసేది ఇవే.

నక్షత్రాల గుంపులు తిరిగే వేగానికి
ఎప్పుడో చెల్లాచెదురు కావాలంట,
అడుగు తెగిన బుట్టలో కాయల మాదిరి.
కాలేదు. ఏదో పట్టుకోనుండాది.
కంటికి ఆనే సరుక్కి ఐదింతలు బరువు,
వెలుగు తగిలినా నీడ పడనిది.

"దేంతో చేసిందమ్మా అది?"

ఎవురికీ తెలీదనింది. ఎంత నిమ్మళంగా అనిందో!
మందకొడి బరువు రేణువులేమో,
దేన్నీ ముట్టుకోకుండా పోయేవి.
లేదంటే లెక్కకే దొరకనంత తేలిక, అలమాదిరి పరుచుకునింది.
లేదంటే కాలం పుట్టిన పూటే పుట్టిన చీకటి గుండ్లు.
గనుల అడుగున చలి ద్రవం తొట్లు పెట్టుకోని
ఒక్క మిణుకు కోసం కాచుకోనుండారంట, ఏండ్లకేండ్లు.
"ఇప్పుడు నీ అరచేతిలోంచి కూడా పోతాంటుంది మామా."
చెయ్యి చూసుకున్నా.
ఇంకు మరక.

అంతలో చెంగల్రాయుడి బండి, సరుకు దించి, ఖాళీగా ఎక్కింది.
ఎర్ర అంకెలు ఊగి ఆగినాయి:
పొద్దున తూకం కంటే నలభై కిలోలు ఎక్కువ.
వాన లేదు. బురద లేదు.
వాడు దిగి బీడీ ముట్టించినాడు.

టార్చి తీసుకోని వెనక ఎక్కినా.
మూలన, మడిచిన టార్పాలిన్ లోపల,
దించే కూలీల్లో చిన్నోడు. పద్నాలుగుంటాయేమో.
సొన కాలిన చేతులు రెండూ తొడల మధ్యన పెట్టుకోని
నిద్ర.

లేపితే లెక్క సరిపోతుంది.
లేపకపోతే రైతుకి నలభై కిలోల కాయ పోతుంది.

"ఏముంది మామా?" కిందనుంచి షాహిదా.
టార్చి ఆర్పేసినా.
"ఏం లేదు" అన్నా.

పొద్దున తూకమే రాసి, చీటీ చించిచ్చినా.
గుంతల్లో మెల్లగా పో అని చెంగల్రాయుడికి చెప్పినా.
ఖాళీ బండికి అదేంది అని
వాడు అడగలా.