కిటికీ గట్టు మీది కార్డులు

గ్రిమ్స్‌బీలో నవంబరు తెల్లవారదు,
చీకటి కాస్త పలచబడుతుంది, అంతే.
ఇయర్ ఎయిట్ గదిలోకి పిల్లలకంటే ముందు
రేవు వాసన వచ్చి కూర్చుంటుంది.
రీస్ కోటు నిండా పొగ.
వాళ్ల నాన్న హ్యాడాక్ చేపలకు రాత్రంతా పొగబెడతాడు.

భిన్నాలు. మళ్లీ భిన్నాలే.
నేను చదువుకున్న చోట అరవైమందిమి
ఒక్క గొంతై ఎక్కాలు అప్పజెప్పేవాళ్లం.
ఆ హోరులో ఎవరికి రాదో ఎవరికీ తెలిసేది కాదు.
నాకు రాదని నాకు తెలుసు.
పెదాలు మాత్రం కదిపేదాన్ని.

అందుకే ఈ ఇరవై ఎనిమిది మందికీ
ఒకే కొలత చెప్పులు కుట్టకూడదనుకున్నాను.
ఆదివారం సాయంత్రాలు వంటింటి బల్ల మీద
మూడు రంగుల కార్డులు కత్తిరించాను.
రూతాకు లెక్కలు వచ్చు, ఇంగ్లీషే
ఇంకా లిథువేనియా నుంచి దారిలో ఉంది.
తనకు ఆకుపచ్చ: మాటలు తక్కువ, బొమ్మలు ఎక్కువ.
ఇమొజెన్ ప్రశ్న పూర్తికాకముందే జవాబు విసిరేస్తుంది.
తనకు నీలం: ఎందుకు అని నిలదీసే లెక్కలు.
రీస్‌కు పసుపు: మడవడానికి కాగితం,
ఒక్కో మెట్టుగా విడగొట్టిన దారి.

మూడు వారాలు నా తెలివికి నేనే మురిసిపోయాను.
నాలుగో వారం రీస్ కార్డు అటూ ఇటూ తిప్పి
గొంతు పెంచకుండానే అడిగాడు:
“మిస్, పసుపంటే మొద్దులకా?”

గదిలో హీటరొక్కటే మాట్లాడింది.
అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.
కదిలిన ఆ పెదాలు గుర్తొచ్చి మింగేశాను.

మర్నాడు కార్డులన్నీ కిటికీ గట్టు మీద పరిచాను.
మీరే తీసుకోండి, కుదరకపోతే మార్చుకోండి,
మార్చుకునేటప్పుడు ఎందుకో ఒక్క ముక్క రాయండి.
ఆ రోజు పాఠం కాదు, సంత.
అందరికీ నీలమే కావాలి.
నీలం అయిపోయిందని ఇమొజెన్ ఏడ్చినంత పనిచేసింది.
డిప్యూటీ హెడ్ ఓల్డ్‌రాయిడ్ తలుపు అద్దానికి
ముక్కు ఆనించి చూసి
ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. అదే ఎక్కువ భయం.

రీస్ నీలం కార్డుతో ఇరవై నిమిషాలు కుస్తీ పట్టాడు.
రాశాడు, కొట్టేశాడు, రబ్బరుతో కాగితం చించాడు.
వెళ్లి చెప్పేద్దామని నా చేయి దురదపెట్టింది.
బల్ల అంచు గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.
పన్నెండేళ్ల ఉద్యోగంలో
ఇంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు.

చివరికి లేచాడు. అందరూ చూస్తుండగానే
గట్టు దాకా నడిచి, నీలం పెట్టి, పసుపు తీశాడు.
నోట్‌బుక్కులో రాశాడు:
“కింది అంకె ఏం చెబుతుందో ఇంకా తెలీదు.
తెలిశాక నీలానికి మళ్లీ వస్తా.”

అదే కార్డు.
నా కత్తెర జారిన మూల కూడా అదే.

మార్చిలో, సముద్రపు గాలికి కిటికీలు వణికే రోజు
గట్టు మీద ఒక తెల్ల కార్డు కనిపించింది.
నేను కత్తిరించింది కాదు. అంచు వంకర,
దగ్గర పెట్టుకుంటే పొగ వాసన.

“చేప లోపలికి సగం దూరం పొగ పోవడానికి
రెండు గంటలు పడితే
మిగతా సగానికీ రెండేనా?
నాన్నకు తెలీదట. మీకు తెలుసా?”

తెలీదు. ఆ మాట పైకే అన్నాను.
రీస్ తలెత్తలేదు.
అప్పటికే రూతాతో కలిసి
కాగితం మడుస్తున్నాడు.