సగం గ్లాసు

ఏడు రోడ్ల కూడలిలో
ఏ రోడ్డున ఏ దుకాణం ఎన్నింటికి షట్టరెత్తుతాదో,
ఎవరు అప్పిస్తారో, ఎవరు నా మొగం చూస్తానే లైటార్పుతారో
కండ్లు మూసుకొని చెప్తా.
ఈ గది మాత్రం దొరకదు.

రిమ్స్‌లో నర్సమ్మ ఓపీ చీటీ వెనక రాసిచ్చింది:
గురువారం, మాపటేల ఏడుకు, చర్చి వెనక బడి, మేడ మీద.
మూడు గురువారాలు జేబులోనే పెట్టుకొని తిరిగినా.
నాలుగోది రాకముందే వెంగమ్మ చొక్కా ఉతికేసింది.
చీటీ పిండి ముద్దయింది.
చర్చి ఒకటే గుర్తుంది నాకు.

కడపలో చర్చిలు ఒకటా రెండా!
ఒకదాని కాడ పెండ్లి, ఇంకొకదానికి తాళం.
మరియాపురం సందుల్లో రెండు చుట్లు తిరిగినా.
ఎవర్ని అడిగేది, ఏమని అడిగేది?
తాగుబోతుల మీటింగు యాడప్పా అనా?
"ట్యూషను చెప్పే బడి యాడ?" అన్నా బజ్జీల బండి ఆమెను.
జల్లిగంటె నూనెలోంచి ఎత్తకుండానే
"పెద్దోళ్ళ ట్యూషనా? మెట్లు వెనక పక్క.
ఆరో మెట్టు ఇరిగింది, చూసుకొని పో" అంది.
ఆమెకెట్ల తెలుసో నేను అడగలేదు.

రెండో తరగతి గది.
బెంచీల కింద మోకాళ్ళు పట్టక
అందరం పక్కకు తిరిగి కూర్చున్నాం, ఎద్దులబండిలో మాదిరి.
బోర్డు మీద పొద్దుటి లెక్క చెరపకుండా ఉంది:
పట్టీలో ముప్పై ఎనిమిది, వచ్చినోళ్ళు ముప్పై నాలుగు.
రానోళ్ళు నలుగురు.
నేను రాని చోట్లు లెక్కేసుకుంటా ఉండా.
పాపకు చెవులు కుట్టించిన పొద్దు.
చిన్నాయన్ను మోసిన పొద్దు.
ఆ పొద్దు ఉంటినంట. పాడె నా భుజం మీదనే ఉండెనంట.

టెలిఫోను లైన్‌మన్‌గా చేసి దిగిపోయిన దస్తగిరి లేచి
"పొద్దున ఐదున్నరకు లేచినా. ఇంతవరకు తాగలేదు"
అని కూర్చున్నాడు.
పదకొండేండ్లుగా ఇదే మాటంట.

ఎలీశమ్మనే ఆమె
బియ్యం డ్రమ్ములో క్వార్టరు దాచి
కోడల్ని ఏడాది పొడుగునా పొయ్యి కాడికి రానీలేదంట.
"మా అత్త ఎంత మంచిదో, నన్ను పని ముట్టనీదని
ఊరంతా చెప్పుకునింది పిచ్చిబిడ్డ" అంది.
గదంతా నవ్వింది.
ఇట్లాంటిదానికి నవ్వొచ్చునా అనుకునే లోపలే
నా కడుపులోంచీ వచ్చేసింది,
తుప్పు పట్టిన గేటు తెరిచినట్టు.
తూకం రాళ్ళ పెట్టెలో ఉండేది నాది.

నా వంతొచ్చింది.
"చౌడయ్య. పసుపు మండీ కాడ కాటాలు రిపేరు చేస్తా."
ఇంకా ఏదో ఉన్నట్టు అందరూ ఊరకున్నారు.
ఉంది. ఆ మాట గొంతు దాటలేదు.
"చెయ్యి వణుకుతాది" అన్నా.
"ముల్లు సున్నా మీద నిలబడిందా లేదా చూసేది నా పని.
ముల్లు నిలబడే ఉంటాది. నేనే..."
అంతటితో ఆపినా.
ఒక్కరూ బుద్ధి చెప్పలేదు.
మా బంధువులైతే ఈపాటికి నాలుగు రకాల పసరు మందులు చెప్పుందురు.

ఆఖరున దస్తగిరి కెటిల్ తెచ్చి
అందరికీ గ్లాసు నిండా టీ పోసినాడు.
నాకు సగమే.
కొత్తోడనా, అని రొంత గుచ్చుకునింది.
ఎత్తినాక తెలిసింది.
గ్లాసు ఊగింది, టీ ఊగింది,
చుక్క కింద పడలేదు.
తాగినాక తక్కిన సగం పోసినాడు,
నా చేతి పక్క చూడకుండా,
ఎలీశమ్మతో కరెంటు బిల్లు సంగతి మాట్లాడుతానే.

వెంగమ్మ తలుపు తీసి
రోజూ మాదిరే దగ్గరికొచ్చి నిలబడింది, ముక్కుతో చూసేకి.
"అల్లమా?" అంది.
"ఊ."
నమ్మినట్టు లేదు.
సంగటి ముద్ద తట్టలో వేసి, నీళ్ళ చెంబు పెట్టి,
పోతా పోతా
"మళ్ళ గురువారమేనా?" అంది.

గురువారమని నేను చెప్పనే లేదు.