ఏ లొట్టికి ఏ పాట

గచ్చిబౌలిల మా సాయిలు కొడుకు బీరు పోస్తడు.
నల్ల బీరుకొక పాట, గోధుమ బీరుకొక పాట
అట్టల మీద అచ్చేసి బల్లల మీద పెడ్తరట.
చండూరు మండువల కూసోని ఆ ముచ్చటంత చెప్పి
"మరి మన కల్లుకేది పెద్దనాయినా?" అన్నడు.

మారగోని పెద్దులు నవ్వలే.
మోదుగాకు డొప్ప అంచుకున్న నురుగును
చిటికెనేలుతో తీసి, ఈగను ఇసిరేసి
అప్పుడన్నడు:

"పొద్దుగాల దించిన ఈతకల్లు పసిది.
దానికి గొంతు వద్దు. ఎవడన్న పిల్లగాడు
తాటాకు బూర ఊదితే సాలు.
పగటీలి పరుపుతాటి కల్లుకైతే కిన్నెర ఉండాలె.
డక్కలి పోచప్ప మెట్ల మీద ఏలు జార్చినప్పుడు
సొరబుర్ర ఒక మూలుగు మూలుగుతది సూడు,
కల్లు గొంతుల దిగేది గట్లనే, నిమ్మలంగ.
నిన్నటి పులుపుకు డప్పే.
దాని ముంగట ఇంకేదీ నిలవది."

"మరి నీకు?"

పెద్దులు ఎడమకాలు సరిచేసుకున్నడు,
పన్నెండేండ్ల కింద పోతుతాడు మీదికెళ్లి పడ్డప్పుడు
అతుకు సక్కగ పడని కాలు.
మాట్లాడకుమని చెయ్యెత్తిండు.

వాగు అవుతల లింగస్వామి కొడుకు చెట్టెక్కుతున్నడు.
మోకు జరిగిన సప్పుడు.
మడమ ఆనిన సప్పుడు.
మళ్ల మోకు.
శానసేపటికి, మీద, కత్తి గీత సన్నగ.

"గిది" అన్నడు పెద్దులు. "రాసుకో నీ అట్ట మీద."

డొప్ప చేతిలనే ఉంది.
నురుగు అణిగింది, ఇంకో ఈగ వాలింది.
పిలగాడు లొట్టితోటి దిగి
నేల మీద రెండు కాళ్లు పెట్టినంక
ఒక్క గుక్కల తాగేసిండు.